మందుకు లొంగని బ్యాక్టీరియా: కారణం ఏ జన్యువులో ఉందో ఎలా కనుక్కోవాలి?

కల్చర్ రిపోర్టులో మందు పేరు పక్కన 'ఆర్' అని ఉంటే ఆ మందు పనిచేయదని అర్థం. ఎందుకు పనిచేయదో తెలియాలంటే జన్యువు దాకా వెళ్లాలి. మూత్రం శాంపిల్‌లో దొరికిన ఈ.కోలై బ్యాక్టీరియా మెరోపెనెం అనే యాంటీబయాటిక్‌కు లొంగలేదనుకుందాం.

ముందు ఆ 'ఆర్' నిజమో కాదో తేల్చుకోండి. ఒక్క కాలనీనే (ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా చుక్క) తీసుకుని మళ్లీ పెంచి, బ్యాక్టీరియాను పెంచే ముల్లర్ హింటన్ అగార్ ప్లేటు మీద పూసి, 10 మైక్రోగ్రాముల మెరోపెనెం డిస్క్ పెట్టండి. విశాఖ ఉక్కపోతలో ఫ్రిజ్‌లోంచి తీసిన ప్లేటుకు క్షణాల్లో చెమట పడుతుంది. ఆ తడి మీదే పూస్తే బ్యాక్టీరియా పాయలుగా పారి, డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం అంచు చెదిరిపోతుంది. తొందరపడకుండా ప్లేటును పూర్తిగా ఆరనివ్వండి. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచాక, ప్లేటును బోర్లించి నల్లటి గుడ్డ మీద పట్టుకుని వలయం వ్యాసం కొలవండి. 19 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువైతే 'ఆర్' ఖాయం.

తర్వాత కారణాన్ని ఊహించాలి. బ్యాక్టీరియా మందును ఎంజైమ్‌తో విరగ్గొట్టవచ్చు, బయటకు తోడేయవచ్చు, లోపలికి రానివ్వకపోవచ్చు, మందు పట్టుకునే చోటునే మార్చుకోవచ్చు. మెరోపెనెం విషయంలో మొదటి అనుమానం ఎంజైమ్ మీదే. మెరోపెనెంను విరగ్గొట్టే ఎంజైముల్లో ఒకటైన ఎన్‌డీఎంకు జింక్ కావాలి. ఈడీటీఏ అనే రసాయనం ఆ జింక్‌ను లాగేసుకుంటుంది. కాబట్టి ఉత్త మెరోపెనెం డిస్క్ కన్నా ఈడీటీఏ కలిపిన మెరోపెనెం డిస్క్ చుట్టూ వలయం బాగా పెరిగితే, ఆ రకం ఎంజైమ్ ఉన్నట్టే.

ఇప్పుడు పీసీఆర్, అంటే వెతికే జన్యువు ఉంటే దాని కాపీలను కనిపించేంతగా పెంచే పరీక్ష. కాలనీని నీళ్లలో కలిపి 10 నిమిషాలు మరిగిస్తే డీఎన్‌ఏ బయటికొస్తుంది. ఎన్‌డీఎం జన్యువును వెతికి పట్టుకునే ప్రైమర్లతో (చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) పాటు, జన్యువు ఉందని తెలిసిన నమూనా ఒకటి, డీఎన్‌ఏ లేని ట్యూబు ఒకటి తప్పక పెట్టండి. డీఎన్‌ఏ లేని ఆ ట్యూబులోనూ బ్యాండ్ (జన్యువు దొరికిందని చూపే గీత) కనిపిస్తే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పడేయాల్సిందే. ఎంత బాధనిపించినా సరే.

సిప్రోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్‌కైతే ఇది చాలదు. ఆ మందు పట్టుకునే చోటును తయారుచేసే జైరేస్ ఎ జన్యువు ప్రతి ఈ.కోలైలోనూ ఉంటుంది కాబట్టి, అందులో మార్పు ఉందేమో సీక్వెన్సింగ్ చేసి (డీఎన్‌ఏ అక్షరాలు వరుసగా చదివి) చూడాలి. ఎక్కువగా ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 83వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి ల్యూసీన్ వచ్చి ఉంటుంది.

జన్యువు దొరికినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. అది ఉన్న ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ చుట్ట) మందుకు లొంగే ల్యాబ్ రకం బ్యాక్టీరియాలోకి చేరాక వలయం కుంచించుకుపోతే అప్పుడు రుజువు. దీనికి బయోసేఫ్టీ కమిటీ అనుమతి కావాలి. ఎన్‌డీఎం తేలితే మాత్రం ఆ రుజువు కోసం ఆగకుండా అదే రోజు వార్డుకు ఫోన్ చేయండి. ప్లాస్మిడ్ మీదున్న జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో దానికి, ఆ బ్యాక్టీరియా పక్క మంచానికి చేరడానికి ఒక్క కడగని చెయ్యి చాలు.