బైబిల్ అంచు చూడండి: రోజూ చదవడం ఎక్కడ ఆగుతోందో తెలుస్తుంది

ముందు మీ బైబిల్‌ని మూసి బల్ల మీద పెట్టి, పేజీల అంచును పక్క నుంచి చూడండి. మా అమ్మ బైబిల్‌కి ఎర్ర అంచు. ఆదికాండం దగ్గర ఆ ఎరుపు అరిగిపోయి మట్టిరంగుకు తిరిగింది. మధ్యలో కీర్తనల దగ్గర వేళ్ల జిడ్డుతో ఒక నల్లటి చార, చివర్లో నాలుగు సువార్తల దగ్గర ఇంకో చార. మిగతా చోట్ల, ముఖ్యంగా లేవీయకాండం, సంఖ్యాకాండం, యెహెజ్కేలు దగ్గర, నిన్ననే కొట్లోంచి తెచ్చినట్టు నిగనిగలాడుతుంది. అమ్మ ముప్పై ఏళ్లుగా రోజూ చదువుతోంది. అయినా అంచు అబద్ధం చెప్పదు.

విశాఖపట్నం గోపాలపట్నంలో మా మందిరంలో యవ్వనస్థుల కూటం చూసుకునేది నేనే. "అన్నా, బైబిల్ రోజూ చదవలేకపోతున్నా, నాకు విశ్వాసం తగ్గిపోయిందేమో" అని వచ్చేవాళ్లని నేను మొదట అడిగేది, ఎక్కడ ఆగావు, ఏ రోజు ఆగావు అని. పది మందిలో ఏడెనిమిది మందికి జవాబు అక్కడే దొరుకుతుంది. బండి ఆగిపోతే ముందు పెట్రోలు చూస్తాం కదా, ఇంజను విప్పేయం.

"జనవరి 1న మొదలుపెట్టా, ఫిబ్రవరికి ఆగిపోయింది"

అందరికంటే ఎక్కువగా వినేది ఇదే. డిసెంబర్ 31 రాత్రి ఆరాధన, చేతిలో కొత్త ఏడాదికి ఒక వచనం రాసిన వాగ్దాన కార్డు, ఇంటికొచ్చాక ఆదికాండం 1. బైబిల్‌లో మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే వారానికి 23, ఏడాదిలో పూర్తి. లెక్క తప్పు లేదు. ఆ లెక్కలో సంక్రాంతి మాత్రం లేదు.

పండగ సెలవులకి శ్రీకాకుళం వైపో విజయనగరం వైపో ఊరెళ్తాం. అప్పటికి యోసేపు కథ నడుస్తుంటుంది, వదలబుద్ధి కాదు. అయినా నాలుగు రోజులు పోతాయి. తిరిగొచ్చి పరుగుపరుగున చదువుతుంటే నిర్గమకాండం 25 ఎదురొస్తుంది. గుడారం పలకలు, దిమ్మలు, తెరలు, ఇన్ని మూరల పొడవు, ఇన్ని మూరల వెడల్పు. అక్కడ ఓపిక పట్టి ముందుకెళ్తే 35 నుంచి అవే కొలతలు మళ్లీ. అది దాటితే లేవీయకాండం, 27 అధ్యాయాలు. 13వ అధ్యాయంలో చర్మం మీద మచ్చ తెల్లగా ఉందా, పల్లంగా ఉందా అన్న పరీక్షల దగ్గర రిబ్బను పెట్టి మూసేస్తారు. ఆ రిబ్బను మళ్లీ వచ్చే జనవరికే కదులుతుంది.

కారణం మీ భక్తి దగ్గర లేదు, మీరు ఎంచుకున్న వరసలో ఉంది. బైబిల్ అంటే 66 పుస్తకాలు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లి, మొదటి బీరువా మొదటి అరలోంచి వరసగా చదువుకుంటూ వచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పే వరస ఇది. ముందు మార్కు సువార్త, 16 అధ్యాయాలు, రోజుకి ఒక్కటే. తర్వాత ఆదికాండం మొత్తం, నిర్గమకాండం 20 దాకా. అక్కడ ఆగి లూకా, అపొస్తలుల కార్యములు చదవండి. ఈ రెండూ ఒకే రచయిత రెండు భాగాలుగా రాసినవి, కాబట్టి వెంటవెంటనే చదివితేనే రుచి. కీర్తన ఒకటి మధ్యమధ్యలో ఎప్పుడైనా.

లేవీయకాండం వదిలేయమని కాదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 9, 10 అధ్యాయాలు ముందు చదివి, తర్వాత లేవీయకాండం 16కి రండి. ఆ రక్తం, ఆ బలులు, ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కసారి తెర లోపలికి వెళ్లడం ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను" అన్న మాట సువార్తలో పుట్టిందని మా కూటంలో చాలామంది అనుకునేవారు. అది లేవీయకాండం 19:18. యేసు అక్కణ్ణించి తీసి చెప్పిన మాట.

ఏడాది పట్టికలు పెట్టడం కొత్తేమీ కాదు. స్కాట్లాండ్‌లోని డండీలో రాబర్ట్ మర్రే మెక్‌చెయిన్ అనే యువ పాస్టరు 1842లో తన సంఘం కోసం ఒకటి తయారు చేశాడు. పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు ఏడాదిలో పూర్తయ్యే పట్టిక అది. ఇవాళ్టికీ వాడుతున్నారు. పట్టిక ఇస్తూనే, దీనివల్ల వచ్చే ప్రమాదాలు కూడా ఆయనే రాశాడు: మొక్కుబడిగా చదవడం, చదివామని గర్వపడటం, కొందరికి ఇది మోయలేని కాడి అయిపోవడం. మనవాళ్లు పట్టికని ఫార్వర్డ్ చేస్తారు గానీ ఆ హెచ్చరికని చేయరు.

"తెల్లారి లేవలేకపోతున్నా"

కూర్మన్నపాలెం నుంచి వచ్చే ఒక తమ్ముడు షిఫ్టుల్లో పనిచేస్తాడు. ఈ వారం పొద్దున, వచ్చే వారం మధ్యాహ్నం, ఆ పై వారం రాత్రి. ప్రసంగంలో "వేకువనే లేచి" అని విన్నప్పుడల్లా తల దించుకునేవాడు. నాలుగున్నరకి అలారం పెట్టుకున్నాడు. నైట్ షిఫ్టు వారంలో ఆ టైముకి అతను యంత్రం దగ్గర నిలబడి ఉంటాడు! రెండు వారాలు నిలిచిన అలవాటు మూడో వారం కూలిపోయేది, మళ్లీ మొదటికి.

అలవాటును గడియారానికి కట్టడమే ఇక్కడ తప్పు. మీ టైము మారుతున్నా మారని పని ఏదో చూసి దానికి కట్టండి. అతనికి అలాంటిది ఒకటే దొరికింది, క్యారేజీ. షిఫ్టు ఏదైనా క్యారేజీ విప్పడం ఖాయం. కొత్త నిబంధన చిన్న పుస్తకం ఒకటి క్యారేజీ సంచిలోనే పెట్టుకున్నాడు. చేతులు కడుక్కోవడం, ఒక అధ్యాయం, తర్వాత అన్నం. పులుసు మరకలు పడ్డాయని సిగ్గుపడుతూ చూపించాడు. నాకైతే మా అమ్మ బైబిల్ చార గుర్తొచ్చింది.

ఆడవాళ్ల పరిస్థితి ఇంకో రకం. అయిదు నుంచి ఎనిమిది దాకా కుళాయి నీళ్లు, టిఫిను, పిల్లల యూనిఫాం. ఆ మూడు గంటల్లో ఏకాంత ధ్యానం ఎక్కడ కుదురుతుంది? కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేలోపు 121వ కీర్తన రెండుసార్లు చదవొచ్చు, ఎనిమిది వచనాలే. పిల్లల ఆటో వెళ్లిపోయాక, ఫోన్ ముట్టుకునే ముందు పది నిమిషాలు దొరికితే ఒక అధ్యాయం. దీన్ని తక్కువరకం భక్తి అనేవాళ్లని పట్టించుకోకండి.

బస్సులో చదవొచ్చా అని అడుగుతారు. అపొస్తలుల కార్యములు 8లో కందాకే రాణి ఖజానా అధికారి రథం మీద ప్రయాణం చేస్తూనే యెషయా గ్రంథం చదువుతున్నాడు. పైకి చదువుతున్నాడు కాబట్టే ఫిలిప్పుకి వినపడింది. 400కె బస్సులో కూర్చునే చోటు దొరికితే మీరూ చదవండి, పైకి మాత్రం వద్దు.

"ఫోన్‌లో తెరుస్తున్నా, ఇంకెక్కడో తేలుతున్నా"

మత్తయి 5 తెరుస్తారు, పైనుంచి వాట్సాప్ నోటిఫికేషన్ జారుతుంది, పావుగంట తర్వాత చూస్తే ఎవరిదో పెళ్లి వీడియోలో ఉంటారు. చదివే భాగాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. అంతకంటే తేలిక, కాగితం పుస్తకం. దానికీ ఒక బాధ ఉంది. మన వైజాగ్ ఉక్కపోతలో ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతుంటే ఆ పల్చటి పేజీలు నిలవవు, చెయ్యి ఆనిస్తే చెమటకి అతుక్కుంటాయి. బట్టల క్లిప్పులు రెండు పెట్టుకోండి. నవ్వొచ్చినా పనిచేస్తుంది.

"చదువుతున్నా గానీ బుర్రకెక్కట్లేదు"

ఇలా అనేవాళ్లలో చాలామందికి కష్టం భాషతోనే, వేదాంతంతో కాదు. బైబిల్ తెలుగు మన ఊరికి పరాయిది కాదు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఈ విశాఖపట్నంలోనే దిగి, తెలుగు నేర్చుకుని, సువార్తల అనువాదానికి పూనుకున్నారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు వాళ్లకి సాయపడ్డాడు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ పోయారు. వాళ్ల తర్వాత వచ్చిన ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. ఆ తర్వాత ఎన్నో సవరణలు జరిగాయి. అయినా మందిరాల్లో మనం పట్టుకెళ్లే పాత అనువాదం ఇంకా గ్రాంథికంలోనే ఉంది. ఇప్పటి పిల్లలకి అది సగం పరభాష.

తెలియని మాటలతో పెద్ద ఇబ్బంది లేదు, ఎవరినైనా అడుగుతారు. తెలుసనుకున్న మాటలతోనే చిక్కు. ఫిలిప్పీయులకు 4:7లో "దేవుని సమాధానము" అంటే ప్రశ్నకి జవాబు అనుకుంటారు. అక్కడ దాని అర్థం శాంతి. "విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ" అన్నప్పుడు నిరీక్షణ అంటే బస్టాపులో ఎదురుచూడటం కాదు, ఆశ. "లోకములో మీకు శ్రమ కలుగును" అన్నచోట శ్రమ అంటే కష్టపడి పనిచేయడం అనుకుంటే ఆ వచనమే తలకిందులవుతుంది. అది బాధ, హింస. "సుంకరియైన మత్తయి" అని చదివి, మత్తయిగారి ఇంటిపేరు సుంకరి అనుకున్నాడు మా సండే స్కూల్ కుర్రాడొకడు. వాళ్ల వీధిలో సుంకరివాళ్లు ఉన్నారు మరి! పన్ను వసూలు చేసేవాడని చెప్పాక, ఊళ్లోవాళ్లు మత్తయిని ఎందుకు అసహ్యించుకున్నారో వాడే చెప్పాడు.

చేయాల్సింది ఏమిటంటే, పక్కన వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పెట్టుకోండి. యూవెర్షన్ యాప్‌లో తెలుగు అనువాదాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. ముందు వాడుక భాషలో చదివి, తర్వాత పాతది పైకి చదవండి. పాతదాన్ని వదలొద్దంటాను నేను. కీర్తనల్లో ఆ నడక, ఆ లయ వాడుక భాషలో నాకు దొరకలేదు. పుస్తకం చివరి ఖాళీ పేజీలో అర్థంకాని మాటలు పెన్సిలుతో రాసుకుని, ఆదివారం అయ్యగారిని, అంటే పాస్టరుగారిని, అడగండి. ఖజానా అధికారి కూడా, చెప్పేవాళ్లు లేకపోతే నాకెలా తెలుస్తుందని ఫిలిప్పుని రథం ఎక్కించుకున్నాడు.

"రెండు రోజులు తప్పింది, ఇక వదిలేశా"

చీటీ కంతులా లెక్కపెట్టడంవల్ల వచ్చే జబ్బు ఇది. రెండు రోజులు తప్పితే ఆరు అధ్యాయాల బాకీ, వారం తప్పితే ఇరవై మూడు. కలిసి చదివే వాట్సాప్ గ్రూపులో మిగతావాళ్లంతా టిక్కులు పెడుతుంటే టెన్షన్ పెరిగి, చివరికి గ్రూపు మ్యూట్. బాకీ తీర్చకండి. ఇవాళ్టి భాగం ఇవాళ చదవండి, తప్పినవి తప్పినట్టే వదిలేయండి, వచ్చే ఏడాది అవి అక్కడే ఉంటాయి. తేదీలు లేని పట్టిక అయితే ఇంకా మంచిది.

లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పడంవల్ల పెద్ద నష్టమేమీ కనిపించలేదు. "21 రోజుల్లో అలవాటు" అని ఎవరైనా చెబితే, 22వ రోజు కష్టంగా ఉందని మీరు కుంగిపోనక్కర్లేదు.

"తెరిచినచోట వచ్చిన వచనమే చదువుతా"

బైబిల్ మధ్యకి తెరిస్తే దాదాపు ఎప్పుడూ కీర్తనలే వస్తాయి, అందుకే అది దేవుడు ప్రత్యేకంగా చూపించినట్టు అనిపిస్తుంది. వాగ్దాన కార్డు గోడకి ఉండనివ్వండి. ఆ వచనం ఉన్న అధ్యాయం మాత్రం మొత్తం ఒకసారి చదవండి. కొన్నిసార్లు ఆ వాగ్దానం ఎవరితో ఎప్పుడు అన్నారో చూసి ఆశ్చర్యపోతారు.

"చదువుతున్నా, లోపల ఏమీ కదలట్లేదు"

దీనికి నా దగ్గర చిట్కా లేదు. ఇంట్లో చావు జరిగాక, ఉద్యోగం పోయాక, కొన్ని నెలలు ఇలా ఉంటుంది. అలాంటప్పుడు మూడు అధ్యాయాలు మానేసి 88వ కీర్తన ఒక్కటే చదవండి. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివర్లో వెలుగు వైపు తిరుగుతాయి, ఇది మాత్రం చీకట్లోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థనకి కూడా బైబిల్‌లో చోటుంది. నిద్ర, తిండి కూడా పోయి వారాల తరబడి అలాగే ఉంటే మాత్రం అయ్యగారితో పాటు డాక్టరుకీ చెప్పండి. అది విశ్వాస లోపమని ఎవరైనా అంటే వినకండి.

"అక్షరాలు కనబడట్లేదు"

పెద్దవాళ్లు ఈ మాట చెప్పరు. "ఈమధ్య చదవబుద్ధి కావట్లేదు" అంటారు. మా అమ్మా అలాగే అంది, నేను రెండు నెలలు ప్రార్థన చేశాను! కళ్లద్దాలు మారిస్తే సగం తీరింది. పెద్ద అక్షరాల బైబిల్ బరువెక్కువ, ఒళ్లో నిలవట్లేదు. చివరికి ఫోన్‌లో తెలుగు ఆడియో పెట్టి, గోంగూర ఆకు తుంచుకునేటప్పుడు పక్కన పెట్టడం మొదలుపెట్టాం. ఆపడం ఆవిడకి రాదు, కాబట్టి ఒక పుస్తకం అయిపోతే తర్వాతది దానంతటదే వస్తుంది. అలా నిర్గమకాండం దాటి లేవీయకాండంలోకి వెళ్లిపోయింది.

మొన్న ఆఫీసు నుంచి రాగానే అడిగింది: "ఏట్రా, రెండు మేకల్లో ఒకదాన్ని బలిచ్చి, రెండోదాన్ని అడవిలోకి తోలేశారంట. పాపం, అదెక్కడికెళ్లిందిరా?"

చెప్పులు విప్పి, పక్కన కూర్చుని, 16వ అధ్యాయం మళ్లీ మొదటినుంచి పెట్టాను.