స్టోర్డ్ ప్రొసీజర్లు నేర్చుకుందాం – 7వ పాఠం: ఎంతసేపు పట్టింది?

పోయిన పాఠంలో గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ దుకాణం కోసం రైతు పట్టీ (రైతుకు ఇచ్చే అమ్మకం లెక్క చీటీ) లెక్క కట్టే ప్రొసీజర్, అంటే డేటాబేస్‌లోనే దాచి పేరుతో పిలిచి నడిపే కోడ్, రాశాం. టిక్కీలు, కాటా తూకం, ధర, కమీషన్, హమాలీ అన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు అది ఎంతసేపు నడుస్తోందో కొలుద్దాం. మనం వాడేది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్.

తేలిక పద్ధతి ఒకటుంది. పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు ఇచ్చే పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ పెట్టి టైమింగ్ అని కొట్టి, ప్రొసీజర్‌ని కాల్ చేయండి. మిల్లీసెకన్లలో చూపిస్తుంది. కానీ అది గోనెతో కలిపి వేసిన తూకం. సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టిన సమయం కూడా అందులో ఉంటుంది. యార్డులో ఫోన్ నెట్ మీద కొలిస్తే నెట్ చేసిన ఆలస్యం ప్రొసీజర్ ఖాతాలో పడుతుంది.

గోనె బరువు తీసేయాలంటే ప్రొసీజర్ లోపలే గడియారం చూడాలి. బిగిన్ అనే లైను కాగానే క్లాక్_టైమ్‌స్టాంప్() విలువను ఒక వేరియబుల్‌లో పెట్టండి. చివర మళ్లీ అదే పిలిచి, తేడాను రెయిజ్ నోటీస్‌తో చూపించండి.

దయచేసి ఇక్కడ నౌ() వాడకండి. మొదట్లో నేను అదే వాడాను. ఎన్నిసార్లు నడిపినా తేడా సున్నా వచ్చేది, ఒక పూటంతా టెన్షన్ పడ్డాను. నౌ() ఇచ్చేది ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి ఒకే పనిగా పూర్తయ్యే మార్పుల గుంపు) మొదలైన సమయం. ఆ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా అది కదలదు. ఇది లోపం కాదు, కావాలనే అలా పెట్టారు: ఒకే ట్రాన్సాక్షన్‌లో రాసిన పట్టీకి, ఖాతా ఎంట్రీకి ఒకే సమయం పడాలి కదా. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో కూడా ఫంక్షన్ లోపల నౌ() కదలదు, అక్కడ సిస్‌డేట్(6) వాడండి.

ఒక్కసారి కొలిచి ఆగొద్దు. మొదటిసారి డేటా డిస్క్ నుంచి రావచ్చు, తర్వాత మెమరీలోనే దొరుకుతుంది. ఐదుసార్లు నడపండి. మొదటి అంకెను మిగతావాటితో కలిపి సగటు తీయకుండా విడిగా రాసుకోండి. పొద్దున్నే దుకాణం తెరిచి మొదటి పట్టీ కొట్టే గుమాస్తాకి తగిలేది ఆ అంకే.

రోజంతా లెక్క కావాలంటే ట్రాక్_ఫంక్షన్స్ సెట్టింగును పీఎల్ అని మార్చాలి. మామూలుగా అది నన్ అని ఉంటుంది. ఆ తర్వాత పీజీ_స్టాట్_యూజర్_ఫంక్షన్స్ అనే వ్యూ (టేబుల్‌లా చదివే లెక్కల పట్టిక) చూడండి. టోటల్_టైమ్‌లో మన కోడ్ పిలిచిన ఇతర ఫంక్షన్ల సమయం కూడా కలుస్తుంది, సెల్ఫ్_టైమ్‌లో కలవదు. మొదటిది పెద్దగా, రెండోది చిన్నగా ఉంటే మన కోడ్‌ని వదిలేసి, అది పిలిచే ఫంక్షన్లలో వెతకాలి.

ఇంటి పని: తూకం కూడే క్వెరీకి, ఖాతాలో రాసే ఇన్సర్ట్‌కి మధ్య ఇంకోసారి గడియారం చూడండి. రెండు భాగాల అంకెలూ రాసి పెట్టుకోండి, 8వ పాఠం వాటితోనే మొదలుపెడదాం.