ట్యాంకు నీడ చూసుకుని ప్యానెళ్లు పెట్టించండి

మేడ మీద సోలార్ పెట్టించే ముందు నీళ్ల ట్యాంకు ఎటు ఉందో చూసుకోండి. హనుమకొండలో మా ఇంటికి మే నెలలో 3 కిలోవాట్లు బిగించారు. అప్పుడు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ల కిందే. ఎవరికీ అనుమానం రాలేదు. డిసెంబర్‌లో ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా పడుతుంది. మీటరు ఎత్తుకు మధ్యాహ్నం కూడా దాదాపు 90 సెంటీమీటర్ల నీడ, పొద్దున తొమ్మిదికైతే ఇంకా పొడుగు. ప్యానెళ్లన్నీ ఒకదానికొకటి వరుసగా కలిపి ఉంటాయి కదా, ఒక్కదాని మూల నీడ పడినా మొత్తం వరుస మీద దెబ్బ పడొచ్చు. ఆఖరికి మేం ట్యాంకునే ఉత్తరం గోడ పక్కకు జరిపించాం, ప్లంబర్ ఖర్చు అదనం! మీరు ముందే ట్యాంకుకు దక్షిణం వైపు బిగించమని చెప్పండి. డిష్ యాంటెన్నా, పక్కింటి వేపచెట్టు కూడా ఓసారి చూడండి.