బొప్పాయికి బోరాన్ కొట్టేముందు ఇవి చూసుకోండి

ముందు చెట్టు దగ్గరికెళ్లి కాయ చూడండి. గడ్డలు గడ్డలుగా ఉబ్బి, పచ్చికాయ మీదే పాలు చుక్కలుగా కారి ఎండిపోతుంటే బోరాన్ (చెట్టుకి కొద్దిగానే కావాల్సిన సూక్ష్మపోషకం) లోపం అయ్యుండొచ్చు. ఆకుల్లో పసుపు మచ్చలు, కాయ మీద వలయాలు కనిపిస్తే మాత్రం అది వైరస్, ఎంత బోరాన్ కొట్టినా తగ్గదు.

కణం గోడలోని పెక్టిన్ పోగుల్ని ఒకదానికొకటి కట్టిపడేసేది బోరానే కాబట్టి అది చాలకపోతే కొత్తగా పెరిగే భాగాలే ముందు దెబ్బతింటాయి, పైగా చాలా పంటల్లో ముదురాకులో ఉన్నది లేత చిగురుకి పోదు.

మోతాదు దగ్గర దయచేసి తొందరపడొద్దు. చాలడానికీ ఎక్కువవడానికీ మధ్య తేడా చాలా తక్కువ, ఎక్కువైతే ఆకు అంచులు మాడిపోతాయి. బోరిక్ యాసిడ్ అయితే లీటరుకి 1 గ్రాము, అంటే 15 లీటర్ల ట్యాంకుకి 15 గ్రాములు, చెంచా లెక్క కాకుండా కాటా మీద తూచి వేయండి. బోరాక్స్‌లో బోరాన్ సుమారు 11 శాతం, బోరిక్ యాసిడ్‌లో 17, ఆక్టాబోరేట్ పొడిలో 20, అందుకే ఒకదాని బదులు ఇంకోటి అదే తూకంలో వేయకూడదు.

గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా కరిగించాకే ట్యాంకులో పోయండి. కాల్షియం నైట్రేట్‌తో కలపొద్దు. గ్లౌజులు వేసుకోండి, ఎండలో కాకుండా సాయంత్రం కొట్టండి.