ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ కొడుతోందా? బంకు మార్చే ముందు ఇవి చూడండి

అలిపిరి దాటి పైకెళ్లే ఘాట్ రోడ్డు ఎక్కారు. మలుపు తిరిగాక యాక్సిలరేటర్ నొక్కితే చాలు, రేకు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు బానెట్ కింద గలగల. కాలు తీయగానే మాయం. పాత మారుతి 800, జెన్, పద్మిని, అంబాసిడర్ నడిపేవాళ్లకు ఈ కొట్టుడు (నాకింగ్) తెలిసిన గొడవే. ఎవర్ని అడిగినా వచ్చే మొదటి సలహా ఒకటే: "పెట్రోల్ బాలేదు, వేరే బంకులో కొట్టించు."

నా లెక్కలో పెట్రోల్‌ను అనుమానించడం చివరి పని. మారుతి 800 కార్బురేటర్ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లోని గాలి-పెట్రోల్‌ను ఎన్ని రెట్లు కుదిస్తుందన్న లెక్క) 8.7 మాత్రమే. పద్మిని, అంబాసిడర్‌ల పాత పెట్రోల్ ఇంజన్లు కూడా తక్కువ కంప్రెషన్‌వే. బీఎస్-6 ప్రమాణాల మామూలు పెట్రోల్ కనీస ఆక్టేన్ (తనంతట తానే అంటుకోకుండా తట్టుకునే శక్తికి కొలత) 91. ఈ ఇంజన్లకు అది ధారాళంగా సరిపోతుంది. అయినా కొడుతోందంటే కారులోనే ఏదో పక్కకు జరిగింది. ప్లగ్గు వెలిగించిన మంట సిలిండర్ అంతా పాకేలోపే, మూలనున్న మిగతా గాలి-పెట్రోల్ మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమనడమే నాకింగ్. కాబట్టి వేడిని, ఒత్తిడిని పెంచేవాటినే వరసగా వెతకాలి.

అసలు అది నాకింగేనా?

సగం డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. నాకింగ్ లోడు మీదే వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, నలుగురు కూర్చున్నప్పుడు, తక్కువ స్పీడులో ఒక్కసారిగా నొక్కినప్పుడు. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో రేజ్ చేస్తే సాధారణంగా వినపడదు.

నిలబడి ఉన్నప్పుడు కూడా పైనుంచి టిక్ టిక్‌మంటూ, ఇంజన్ వేగంతో పాటు పెరిగితే అవి టాపెట్లు (వాల్వులను నెట్టే భాగాలు). గ్యాప్ సరిచేయిస్తే సరిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వచ్చి, వేడెక్కాక పోతే పిస్టన్ అరుగుదలో, ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ లీకో. అడుగునుంచి బరువుగా దబ్ దబ్‌మని వస్తూ, ఆయిల్ లైటు కూడా మినుకుమంటుంటే బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ రాడ్డు అడుగున క్రాంక్‌ను పట్టుకునేది) పోయినట్టే. ఇంకొక కిలోమీటరు కూడా నడపొద్దు, టో చేయించండి. అనుమానముంటే మెకానిక్‌తో ఒక్కో ప్లగ్గు వైరూ తీయించి చూడండి (ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తోనే, షాకు గట్టిగా కొడుతుంది). ఒక సిలిండర్ వైరు తీసినప్పుడు చప్పుడు బాగా తగ్గితే బేరింగ్ ఆ సిలిండర్‌దే.

ఘాట్‌లోనే, పై గేరులోనే వస్తే

గేరు తగ్గించండి. హాస్యానికి కాదు, చాలామందికి మందు ఇదే. చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ నాలుగో గేరులో ముప్పైతో లాగిస్తే ఏ పాత ఇంజనైనా కొడుతుంది. తిరుమల ఎక్కడానికి ఎలాగూ 28 నిమిషాలకు తగ్గకూడదని నిబంధన ఉంది. రెండో గేరులో తాపీగా వెళ్లినా పోయేదేమీ లేదు.

గేరు తగ్గించినా, ఎక్కడ లోడు పడ్డా వస్తే

ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం. అది ముందుకు జరిగితే అడ్వాన్స్ అంటారు, సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. పాత కార్లలో అసలు దొంగ చాలాసార్లు ఇదే, కనుక కాస్త నిదానంగా చూద్దాం.

ఈమధ్య సర్వీసుకు ఇచ్చారా? షెడ్డులో "కొంచెం అడ్వాన్స్ పెట్టినా అన్నా, పికప్ బాగొస్తాది" అన్న మాట వినపడిందంటే వెతుకులాట అక్కడే ఆపొచ్చు. చెవితో విని డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) తిప్పే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఖాళీ బండికి తిరుపతి రోడ్ల మీద అది బాగానే ఉంటుంది. కుటుంబాన్ని ఎక్కించుకుని కొండెక్కేటప్పుడు బయటపడుతుంది.

పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటును తెంచే చిన్న స్విచ్) మార్చినా టైమింగ్ కదులుతుంది. గ్యాప్ ఎక్కువైతే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది. కాబట్టి ముందు పాయింట్ గ్యాప్, ఆ తర్వాతే టైమింగ్. ఈ వరస తప్పితే రెండుసార్లు చేయాలి. టైమింగ్ లైటు పెట్టి, డిస్ట్రిబ్యూటర్‌కున్న వాక్యూమ్ ట్యూబు ఊడదీసి దాని నోరు మూసి, ఐడిల్‌లో మీ కారు మాన్యువల్‌లో ఉన్న డిగ్రీలకు తెమ్మనండి. డిస్ట్రిబ్యూటర్‌ను దాని లోపలి రోటర్ తిరిగే దిక్కుకే తిప్పితే టైమింగ్ వెనక్కి వస్తుంది. ఒక్క వెంట్రుకవాసి చాలు.

ఐడిల్‌లో లెక్క సరిగ్గా ఉండి, మధ్య వేగంలో మాత్రం కొడుతుంటే? డిస్ట్రిబ్యూటర్ లోపల, వేగం పెరిగేకొద్దీ టైమింగ్‌ను ముందుకు జరిపే అడ్వాన్స్ బరువుల్ని పట్టి ఉంచే చిన్న స్ప్రింగులు సాగిపోయాయేమో చూడాలి. అవి వదులైతే అడ్వాన్స్ తొందరగా, ఎక్కువగా వచ్చేస్తుంది. ఏళ్లనాటి కార్లలో దీన్ని చూసే మెకానిక్ దొరికితే వదలకండి.

బయలుదేరిన అరగంట తర్వాతే, ఎండలోనే వస్తే

వేడి. బోరునీళ్లు పోసీ పోసీ రేడియేటర్‌లో తెల్లటి సున్నం పేరుకుంటుంది. ఇంజన్ వేడెక్కాక ఆపేసి, కీ తీసి, ఫ్యాన్ తిరగదని ఖాయం చేసుకున్నాక రేడియేటర్ మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. మధ్యలో ఒక పట్టీ చల్లగా తగిలితే అక్కడ గొట్టాలు మూసుకుపోయాయి. రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి సున్నం తీయడం) చేయించి, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంట్ పోయండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీటిని వదిలే వాల్వు) తీసి పారేసి ఉంటే కొత్తది వేయించండి. అది అడ్డం కాదు, అవసరం. ఫ్యాన్ బెల్టు, ఫ్యాన్ స్విచ్ కూడా చూడాలి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తెరవకండి.

కీ తీసినా ఇంజన్ రెండు మూడు కుదుపులు తిరుగుతుంటే

లోపల కార్బన్ ఎర్రగా కాలుతోంది. తిరుపతిలో బైరాగిపట్టెడ నుంచి గాంధీరోడ్డు, అక్కణ్నుంచి ఇంటికి, ఇలా చిన్న చిన్న దూరాలే తిరిగే కార్లకు ఇది తప్పదు. ప్లగ్గులు విప్పి చూడండి. పింగాణీ మీద నల్లగానో, వెండిలా మెరుస్తూనో ఆవగింజలో పదో వంతు చుక్కలుంటే నాకింగ్ గట్టిగానే జరుగుతోంది. ఆ మెరిసేవి పిస్టన్ నుంచి లేచిన అల్యూమినియం. ప్లగ్గు తడిగా నూనె ఓడుతుంటే వాల్వ్ సీళ్లో, రింగులో పోయాయి. ఆయిల్ కాలితే పెట్రోల్ ఆక్టేన్ పడిపోతుంది. అందుకే "స్మూత్‌గా ఉంటుంది" అని పెట్రోల్‌లో టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్ల ఆయిల్) కలపడం నాకింగ్‌ను కొని తెచ్చుకోవడమే. హెడ్ దించి కార్బన్ గీకించడమే పక్కా పని.

చోక్ కాస్త లాగితే తగ్గితే

చోక్ లాగితే గాలి తగ్గుతుంది. దానితో చప్పుడు తగ్గిందంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. కార్బురేటర్ అడుగు గ్యాస్కెట్ లీకు, మూసుకున్న జెట్టు (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం), పగిలిన వాక్యూమ్ ట్యూబు చూడండి. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ గొడవ పాత కార్లకు తగిలేది ఇక్కడే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, దానికి తగ్గట్టు ఇంధనం పెంచే తెలివి కార్బురేటర్‌కు లేదు. ఒక సైజు పెద్ద మెయిన్ జెట్టు వేయిస్తే చాలావరకు సర్దుకుంటుంది. అదే విప్పుడులో పాత రబ్బరు పెట్రోల్ గొట్టాలూ, పంపు డయాఫ్రమూ మార్పించండి. ఉబ్బి, మెత్తబడి, కారడం మొదలైతే నాకింగ్ కంటే పెద్ద ప్రమాదం.

ఇప్పుడు పెట్రోల్

పైవన్నీ సరిగ్గా ఉండి, ట్యాంకు నింపిన రోజు నుంచే మొదలైతే అప్పుడు బంకును అనుమానించండి. ఫిల్టర్ పేపర్ అడిగే హక్కు మీకుంది. నాజిల్ నుంచి ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. జిడ్డు మరక మిగిలితే కిరోసిన్ లాంటిదేదో కలిసింది.

ఇంకో సంగతి మన ప్రాంతానికి బాగా వర్తిస్తుంది. నవంబరు వానల్లో వారాల తరబడి కారు కదపకపోతే, తుప్పు పట్టిన ట్యాంకులోకి నీరు చేరితే, ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. పైన మిగిలిన పెట్రోల్‌కు ఆక్టేన్ తగ్గుతుంది. దాని మీద కొత్త పెట్రోల్ పోసి లాభం లేదు, ట్యాంకు వంచి కడిగించాలి.

ఖరీదైన పెట్రోల్ మాటకొస్తే, ఈ20తో మామూలు పెట్రోల్ ఆక్టేన్ 95కు చేరిందని 2025లో పెట్రోలియం శాఖే చెప్పింది. అలాంటప్పుడు నాకింగ్ పోతుందని 95 ఆక్టేన్ ప్రీమియం కొట్టించడంలో నాకు అర్థం కనపడదు. 100 ఆక్టేన్‌ది ఒక ట్యాంకు పోసి చూడొచ్చు, పరీక్ష కోసం మాత్రమే. దానితో చప్పుడు పోతే సంతోషించి అదే వాడుకుంటూ పోవద్దు. టైమింగో, కార్బనో ఎక్కడో మిగిలే ఉందని అర్థం. మళ్లీ డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి వెళ్లండి.