వీపు నిండా టాటూ: సిట్టింగుల మధ్య వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

వీపంతా పరచుకునే టాటూ ఒక్క రోజులో పూర్తయ్యేది కాదు. మెడ కింది నుంచి నడుము వరకు వివరాలతో కూడిన బొమ్మ వేయించుకుంటే తరచుగా 30 నుంచి 50 గంటల సూదిపని పడుతుంది. దాన్ని నాలుగైదు గంటల సిట్టింగులుగా విడదీసి, ఒక్కొక్కదానికి మధ్య కనీసం మూడు నాలుగు వారాల ఎడం ఇస్తే ఏడాది దగ్గరపడుతుంది. బంజారాహిల్స్‌లోనో, మాదాపూర్‌లోనో, హిమాయత్‌నగర్‌లోనో స్టూడియోలో గడిపే ఆ కాసిని గంటలు మీ వీపును ఆర్టిస్టు చూస్తూనే ఉంటారు. మిగిలిన వారాలన్నీ అది మీ కంటికి కనబడదు, చేతికి అందదు. పెద్ద వీపు టాటూలో ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం సూది కింద కాక ఈ నడిమి వారాల్లోనే పుడతాయి. కాబట్టి ఏ లక్షణం కనిపించినా ముందుగా తేల్చుకోవలసింది అది సిట్టింగు తర్వాత ఎన్నో రోజున మొదలైందన్నది. రెండో రోజున ఉన్న ఎరుపు మామూలు విషయం. అదే ఎరుపు ఆరో రోజుకు పెరుగుతోందంటే కాదు. ఇంట్లో ఎవరిచేతనైనా రోజూ ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోనుతో వీపు ఫొటో తీయించుకునే అలవాటు చేసుకుంటే కింద చెప్పిన వాటిలో సగం సందేహాలు ఆ ఫొటోలతోనే తీరుతాయి.

సిట్టింగు మధ్యలో కళ్లు తిరగడం, వణుకు, నొప్పి ఒక్కసారిగా భరించలేనిదిగా మారడం

మొదటి రెండు మూడు గంటలు శరీరం తనంతట తానే విడుదల చేసే ఎండార్ఫిన్ల వల్ల నొప్పి అదుపులో ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత వాటి పని తగ్గి, రక్తంలో చక్కెర పడిపోయి, ఏసీ గదిలో చొక్కా లేకుండా బోర్లా పడుకున్న ఒళ్లు చల్లబడి, మూడూ ఒకేసారి కమ్ముకుంటాయి. వెన్నుపూస మీద, రెక్క ఎముకల అంచుల దగ్గర, పక్కటెముకల వైపు పని ఈ సమయంలోనే సాగుతుంటే నొప్పి రెట్టింపవుతుంది. సిట్టింగుకు గంటా రెండు గంటల ముందు కడుపునిండా తినడం, మధ్యలో మజ్జిగ, అరటిపండు, ఓఆర్‌ఎస్ వంటివి తీసుకోవడం, ముందు రాత్రి మద్యం ముట్టకుండా సరిపడా నిద్రపోవడం దీనికి సరైన విరుగుడు. కళ్లు తిరుగుతున్నాయనిపించగానే మొహమాటపడకుండా ఆర్టిస్టుకు చెప్పి సూది ఆపించండి, లేచి నిలబడకుండా పక్కకు ఒత్తిగిలి పడుకుని కాళ్లు కాస్త ఎత్తులో పెట్టుకోండి. ఎముకల మీది భాగాన్ని సిట్టింగు మొదట్లోనే చేయమని అడగడం కూడా తెలివైన పని.

మొద్దుబార్చే క్రీమును వీపంతా రాసుకుని, దాని మీద ప్లాస్టిక్ చుట్టుకుని రావడాన్ని పరిష్కారంగా భావించవద్దు. అందులో ఉండే లిడోకైన్ పెద్ద విస్తీర్ణంలోంచి, అందులోనూ సూది తగిలి తెగిన చర్మంలోంచి, రక్తంలో కలిస్తే గుండె లయ తప్పవచ్చు, మూర్ఛ రావచ్చు. ఇలాంటి క్రీముల గురించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 మార్చిలో హెచ్చరిక జారీ చేసింది. ఐదు గంటలు ఓర్చుకోలేనివారు మూడు గంటల సిట్టింగులు పెట్టుకోవాలి. ఖర్చు కొంత పెరిగినా అదే మేలు.

ఆ రాత్రి ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం

పెద్ద గాయానికి శరీరం స్పందించే తీరు ఇది. నీళ్లు, విశ్రాంతి, అవసరమైతే పారాసెటమాల్‌తో ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోయినా, జ్వరం పెరిగినా నెపం టాటూ మీదికే నెట్టేయకండి. వానాకాలంలో హైదరాబాద్‌లో డెంగ్యూ ఏటా ఉండేదే కనుక రక్తపరీక్ష చేయించుకోండి. అది తేలేవరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు.

దుప్పటికి వీపు అంటుకుపోవడం, ఫిల్ము కింద నల్లటి నీరు చేరడం

మొదటి 24 నుంచి 48 గంటలు గాయంలోంచి ఊరే నీరు, కొంచెం రక్తం, మిగిలిపోయిన ఇంకు కలిసి కారుతాయి. వేసిన రంగంతా పోతోందని కంగారుపడనక్కర్లేదు. పాత నూలు దుప్పటి పరుచుకుని బోర్లా పడుకోండి. గుడ్డ అంటుకుంటే లాగకుండా గోరువెచ్చని నీళ్లతో తడిపి విడదీయండి. పొడిగా లాగితే గుడ్డతో పాటు ఇంకు ఉన్న పొర కూడా ఊడివస్తుంది.

పారదర్శకమైన ఫిల్ము అంటించి పంపిన చోట దాని కింద కొద్దిగా నీరు చేరడం సహజమే. అంచు లేచి ఆ నీరు బయటికి కారుతుంటే మాత్రం బయటి మురికికి లోపలికి దారి దొరికినట్టే కనుక ఫిల్మును వెంటనే తీసేసి కడగాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కకు ఫిల్ము కింద చెమట పట్టి, చెప్పిన గడువు కంటే ముందే తీయవలసి వస్తుంది. మరో సంగతి గమనించండి. ఎరుపూ దురదా టాటూ గీతల ప్రకారం కాక, ఫిల్ము ఎంతవరకు అంటిందో అంతవరకు, నలుపలకల హద్దుతో కనిపిస్తే తప్పు ఇంకుది కాదు, ఫిల్ము జిగురుది. తర్వాతి సిట్టింగులో ఫిల్ము వద్దని చెప్పండి.

దురద, పొక్కులు

ఈ ఒక్క ఫిర్యాదుకు ఐదారు వేర్వేరు కారణాలు ఉంటాయి. అన్నిటికీ ఒకే మందు రాయడం వల్లే అసలు చిక్కు మొదలవుతుంది.

నాలుగో రోజు నుంచి రెండు వారాల వరకు వీపంతా సన్నని పొట్టు రాలుతూ దురద పెడితే అది మానుతున్న గాయం. గోకకుండా అరచేత్తో మెల్లగా తట్టి, వాసన లేని మాయిశ్చరైజరు పలచగా రాస్తే చాలు. చెయ్యి అందక తలుపు అంచుకు వీపు రుద్దుకునేవారు లేకపోలేదు. పక్కులు ఊడి రంగు చెదిరేది సరిగ్గా అలాగే.

టాటూ లోపలా, దాని చుట్టూ ఖాళీ చర్మం మీదా ఒకేలాంటి చిన్న చిన్న పొక్కులు లేస్తే అవి చెమటకాయలో, షేవింగు వల్ల వాచిన వెంట్రుకల కుదుళ్లో అయివుంటాయి. ఆయింట్‌మెంటు మందంగా పట్టించడం, సింథటిక్ బనియన్లు, చెమట దీనికి కారణాలు. ఆయింట్‌మెంటు తగ్గించి, వదులైన నూలు బట్టలు వేసుకుని, రోజుకు రెండుసార్లు తేలికపాటి సబ్బుతో కడిగి, ఆరిన తర్వాతే బట్టలు తొడుక్కోండి.

మధ్యలో తేరుకుని అంచులు పాకుతున్న గుండ్రటి మచ్చ కనిపిస్తే అది తామర కావచ్చు. ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్పాలి. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడు, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ కలిసిన ట్యూబు రెండు రోజులు హాయినిచ్చి, ఆ తర్వాత తామరను వీపంతా పాకిస్తుంది. పైగా ఆనవాళ్లు మారిపోయి వైద్యులకు కూడా జబ్బు పోల్చుకోవడం కష్టమవుతుంది.

ఒకే రంగు ఉన్న చోట మాత్రమే, ఎక్కువగా ఎరుపులో, చర్మం ఉబ్బి వారాలు, నెలలు గడిచినా దురద పెడుతుంటే అది ఆ రంగుకు వచ్చిన అలర్జీ. దీనికి చర్మవైద్యులే చికిత్స చేయాలి, ఆ రంగును మిగతా సిట్టింగుల్లోంచి పూర్తిగా తీసేయాలి. ముందుగా చిన్న చుక్క వేసి పరీక్షించుకోవడం మంచిదే కానీ, ఈ అలర్జీ నెలల తర్వాత కూడా బయటపడుతుంది కనుక ఆ పరీక్షనే నమ్ముకోలేం.

ఇక బూడిదరంగు షేడింగు ఉన్నంత మేరకే, రెండు మూడు వారాల తర్వాత ఎర్రని గట్టి పొక్కులు వచ్చి మామూలు యాంటీబయాటిక్‌కు లొంగకపోతే, నీటిలో బతికే మైకోబ్యాక్టీరియాను అనుమానించాలి. 2011 చివర్లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఒకే ఆర్టిస్టు దగ్గర టాటూ వేయించుకున్న 19 మందికి ఇదే సోకింది. తయారీదారు ముందే నీళ్లు కలిపి అమ్మిన బూడిదరంగు ఇంకు దానికి మూలమని తేలింది. దీన్ని తేల్చడానికి చర్మపు ముక్క తీసి కల్చర్ పరీక్ష చేయాలి, మందులు నెలల తరబడి వాడాలి. అందుకే షేడింగు సిట్టింగుకు ముందు నలుపును దేనితో పలుచన చేస్తారో అడగండి. కుళాయి నీళ్లు ఎలాగూ పనికిరావు. ఇరవై లీటర్ల క్యానులో వచ్చే ఆర్‌వో నీళ్లు తాగడానికి శుభ్రమైనవే కావచ్చు గానీ సూక్ష్మజీవులు లేనివి కావు. సీసాలో మూసివచ్చిన స్టెరైల్ నీళ్లే వాడాలి.

ఇంటి వైద్యం గురించి కూడా చెప్పుకోవాలి. పసుపు ముద్ద, నూరిన వేపాకు, నలుగుపిండి, దీపావళి తలంటు నూనె, ఇవేవీ పక్కులు పూర్తిగా రాలేదాకా వీపు మీదికి రాకూడదు. పండుగ రోజున అమ్మ, నాయనమ్మ ఊరుకోకపోతే తల వరకే అంటించుకోండి. పప్పు తింటే చీము పడుతుందని పెద్దలు పెట్టే పథ్యాన్ని మాత్రం పాటించనక్కర్లేదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి కనుక పప్పు, గుడ్డు నిరభ్యంతరంగా తినండి.

మూడో రోజు దాటాక ఎరుపు పాకడం, వేడి, చీము, చలిజ్వరం

ఇది ఇన్ఫెక్షన్. ఆర్టిస్టుకు ఫొటో పంపి జవాబు కోసం ఎదురుచూడకుండా అదే రోజు చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వాసుపత్రికి వెళ్లదలిస్తే ఉస్మానియా, గాంధీ రెంటిలోనూ చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. గాయం నుంచి ఎర్రటి చారలు బయలుదేరితే ఓపీ వేళల కోసం ఆగకుండా అత్యవసర విభాగానికే వెళ్లాలి.

గీతలు అలుక్కుపోవడం, నలుపు చోటుచోటుగా పోవడం, రంగులు వెలవెలబోవడం

ఇంకు నిలిచేది పై పొర కింద, సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులో. అంతకంటే లోతుకు దిగితే గీత పక్కన నీలిరంగు నీడ పరుచుకుంటుంది. చర్మం పలచగా ఉండే ఎముకల మీద ఈ ప్రమాదం ఎక్కువ. ఇలా పాకిన ఇంకు వెనక్కి రాదు. అయితే అనేక సిట్టింగుల టాటూలో ఒక వెసులుబాటు ఉంది: అవుట్‌లైన్‌లో జరిగిన ఈ పొరపాటును తర్వాతి షేడింగులో కలిపేయవచ్చు. కాబట్టి షేడింగు మొదలుపెట్టక ముందే అలాంటి చోట్లను చూపించండి.

రెండో వారం తర్వాత బొమ్మంతా మసకగా కనిపించడం కొత్త చర్మం వల్లే కనుక అది తనంతట తేటపడుతుంది. నలుపు పోయిన తీరును మాత్రం పరిశీలించండి. రెండు భుజాల కింద రెండు పట్టీల మేర పోయిందంటే కారణం లాప్‌టాప్ బ్యాగు. మానని వీపు మీద బ్యాగు వేసుకుని మెట్రోలో గంటసేపు నిలబడితే ఆ పట్టీలు పక్కుల్ని అరగదీస్తాయి. ఒకే ముక్కలో పోతే పక్కు ఊడింది. అంతటా సమంగా పలచబడితే సూది పైపైనే తిరిగింది. ఏ కారణమైనా అదే చోట ఆరు వారాలలోపు మళ్లీ సూది పెట్టించవద్దు. పసుపు, తెలుపు, లేత రంగులు చామనఛాయ ఒంటి మీద వెలిసినట్టు కనిపిస్తే ఆర్టిస్టును తప్పుబట్టలేం, ఇంకు మీద మన చర్మపు మెలనిన్ పొర ఉంటుంది. ముదురు రంగులతో, నలుపు ఎక్కువగా ఉండేలా బొమ్మను మార్చుకోవడమే దారి.

నిలబడితే బొమ్మ ఒక పక్కకు ఒరిగినట్టు ఉండటం

దీనికి కారణం, వంగి కూర్చున్నప్పుడు స్టెన్సిల్ (బొమ్మ గీతలను చర్మం మీదికి దింపే కాగితం) అంటించడమే. మామూలుగా నిలబడి, చేతులు వదిలేసి అంటించుకోవాలి. అవుట్‌లైన్ పడిపోయాక తేడాను నేపథ్యపు నింపుడుతో సర్దాలి తప్ప చెరపడం కుదరదు.

గీతలు ఉబ్బి, నెలలు గడిచినా పెరుగుతూ ఉండటం

పైవీపు, భుజాలు కెలాయిడ్లు (గాయం కంటే పెద్దగా ఉబ్బి పెరిగే మచ్చలు) తేలికగా వచ్చే చోట్లు. గాయపు హద్దు దాటి మచ్చ పెరుగుతోందంటే మిగతా పని ఆపేయాలి. సిలికాన్ జెల్ షీట్లు, స్టెరాయిడు ఇంజెక్షన్లు వంటి చికిత్సలు చర్మవైద్యుల చేతిలో ఉన్నాయి. కట్టిన అడ్వాన్సు పోతుందన్న బాధతో సగం బొమ్మను పూర్తిచేయించడం వివేకం కాదు. ఇంట్లో కెలాయిడ్ల చరిత్ర ఉన్నవారు వీపుకు ముందు ఒక చిన్న టాటూతో కొన్ని నెలలు వేచి చూడటం మంచిది.

పని సగంలో ఆగిపోవడం

డబ్బు, పెళ్లిళ్లు, ఆర్టిస్టు ఊరు మారడం, వీటికంటే ఎక్కువగా ఎండాకాలం పనిని ఆపుతుంది. 40 డిగ్రీల ఎండలో కొత్త గాయంతో తిరగలేరు. అక్టోబరులో అవుట్‌లైన్ మొదలుపెట్టి మార్చిలోపు పెద్ద సిట్టింగులు ముగించుకుంటే వేసవిని విశ్రాంతికి వదిలేయవచ్చు. వాడిన ఇంకుల బ్రాండు, రంగు, బ్యాచ్ నంబరు ప్రతిసారీ రాయించుకోండి. మరో ఆర్టిస్టు కొనసాగించవలసి వస్తే అదే నలుపు దొరుకుతుంది, అలర్జీ వస్తే వైద్యులకు చూపించడానికీ ఆధారం ఉంటుంది.

రక్తదాన శిబిరంలో తిప్పి పంపడం

మన దేశపు రక్తదాతల ఎంపిక మార్గదర్శకాల ప్రకారం టాటూ తర్వాత 12 నెలలు రక్తం ఇవ్వకూడదు. ఆ గడువు మొదటి సిట్టింగు నుంచి కాక చివరిదాని నుంచి లెక్కకు వస్తుంది, చిన్న టచప్‌తోనూ మళ్లీ మొదలవుతుంది. చొక్కా కింద ఎవరికీ కనబడదు కదా అని ఫారంలో రాయకుండా వదిలేయవద్దు. క్రమం తప్పకుండా రక్తం ఇచ్చే అలవాటు ఉన్నవారు, ఇంట్లో రక్తం అవసరమయ్యేవారు ఉన్నవారు పని సాగే ఏడాదీ, ఆ తర్వాతి 12 నెలలూ కలిపి దాదాపు రెండేళ్లయ్యే ఈ విరామాన్ని స్టూడియోలో అడ్వాన్సు కట్టక ముందే లెక్కలోకి తీసుకోవాలి.