వరంగల్ నుంచి అమెరికా క్యాంపస్‌కు: సూట్‌కేసులో రౌటర్ పెట్టుకోకండి

జూలై వచ్చిందంటే హన్మకొండలో మా ఇంటికి పిల్లలు సామాన్ల లిస్టులు పట్టుకొని వస్తుంటారు. కుక్కరు, మామిడికాయ తొక్కు, సకినాలు, కారంపొడి... ఈమధ్య లిస్టు చివర వైఫై రౌటర్ కూడా చేరింది. "చౌరస్తాల దొరుకుతదక్కా, అక్కడికన్న అగ్గువ" అంటారు. హాస్టల్లో ఉండబోయేవాళ్లయితే ఆ ఒక్కటీ లిస్టులోంచి తీసేయమంటాను.

మాస్టర్స్‌కు వెళ్లిన మొదటి నెలలో నేనూ పెట్టాను. దాని వెనక పసుపు రంగు పోర్టులు నాలుగు, పక్కన నీలం రంగుది ఒకటి. గోడ నుంచి వచ్చే వైరు నీలం దాంట్లో పెట్టాలి. నేను పసుపు దాంట్లో పెట్టాను. ఏ కంప్యూటరైనా నెట్‌లోకి రాగానే "నాకు అడ్రసు ఎవరిస్తారు" అని అడుగుతుంది, ముందు ఎవరు పలికితే వాళ్లిచ్చింది తీసుకుంటుంది. కాలేజీ సర్వర్ కన్నా ముందు నా రౌటరే పలికింది. 192.168తో మొదలయ్యే అడ్రసులు ఫ్లోరంతా పంచేసింది. ఆ అడ్రసులతో బయటికి దారి లేదు. ఎదురు రూము అమ్మాయికి ఆ రాత్రే అసైన్‌మెంట్ గడువు. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని మెట్ల మీద కూర్చున్న ఆమె ముఖం నాకింకా గుర్తుంది. కారణం నా రూములోనే ఉందని తెల్లారి నెట్‌వర్క్ వాళ్లు తలుపు కొట్టేదాకా తెలియలేదు. ఇప్పుడు చాలా క్యాంపస్‌లలో రూముల వైర్లన్నీ కలిసే నెట్‌వర్క్ పెట్టె, అంటే స్విచ్చే, దీన్ని కనిపెట్టి మీ రూము పోర్టు మూసేస్తుంది. నెట్ మీ ఒక్క రూముకే పోతుంది.

వైరు సరిగ్గానే పెట్టినా గాలిలో గొడవ మిగులుతుంది. వైఫై నడిచేది రేడియో తరంగాల మీద. దాని 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు, అంటే దారులు, అమెరికాలో మూడే: 1, 6, 11. కాలేజీ వాళ్లు లెక్క చూసుకొని ఒక్కో యాక్సెస్ పాయింట్‌కు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెకు) ఒక్కోటి ఇస్తారు. మధ్యలో మీ రౌటర్ దూరితే ఆ లెక్క తప్పుతుంది. మేడారం జాతరలో తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో చదువుతుంటే వినే ఉంటారు. పక్కపక్కనే పది మైకులు పెట్టి పది పేర్లు ఒకేసారి చదివితే ఏ తల్లికీ తన బిడ్డ పేరు వినబడదు. వైఫైకి మర్యాద తెలుసు, ఒకరు మాట్లాడుతుంటే మరొకరు ఆగుతారు. అందుకే మాటలు కలిసిపోవడం కన్నా అందరూ ఆగి ఆగి నెమ్మదించడమే ఎక్కువ. పైగా ఇక్కడ కొన్న రౌటర్ 12, 13 ఛానళ్లలోకి కూడా వెళ్లగలదు. అమెరికాలో మామూలు వైఫై 11తోనే ఆగిపోతుంది.

రౌటర్ లేకున్నా రౌటర్ పని చేసే వస్తువులు మీ రూములో ఉంటాయి. వైర్‌లెస్ ప్రింటర్‌ను యూఎస్‌బీ వైరుతో వాడినా సరే, అది సొంత నెట్‌వర్క్ పేరును రాత్రింబగళ్లు సెకనుకు దాదాపు పదిసార్లు చాటుతూనే ఉంటుంది. ప్రింటర్ సెట్టింగ్స్‌లో వైఫై డైరెక్ట్ (ఆ సొంత నెట్‌వర్క్) ఆపేయండి. ఫోన్ హాట్‌స్పాట్ ఎయిర్‌పోర్టులో ఆన్ చేసి మరిచిపోతారు, అదీ చూసుకోండి. మైక్రోవేవ్ కూడా దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. అన్నం వేడి చేస్తుండగా అమ్మతో వీడియో కాల్ ఆగి ఆగి వస్తే అదీ ఒక కారణం కావచ్చు. లాప్‌టాప్‌ను వైఫైలోని రెండో పట్టీ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంచితే ఈ బాధ ఉండదు. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కును వైర్‌లెస్ మౌస్ రిసీవర్ పక్క పోర్టులో పెట్టకండి. ఆ డిస్కు వెదజల్లే రేడియో రొదకు మౌస్ తడబడుతుంది.

క్యాంపస్‌లో ఎడ్యురోమ్ (చాలా దేశాల కాలేజీలు కలిసి వాడే వైఫై) ఉంటే మొదటిరోజే దాంట్లో చేరండి. యూజర్‌నేమ్‌లో ఐడీ ఒక్కటే చాలదు, @ తర్వాత ఉండే కాలేజీ పేరుతో సహా ఇవ్వాలి. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. సర్టిఫికెట్ (ఆ నెట్‌వర్క్ అసలైనదేనని చెప్పే డిజిటల్ గుర్తింపు) చూడవద్దన్న ఆప్షన్ ఎంచుకోకండి, అదే పేరుతో దొంగ నెట్‌వర్క్ పెట్టినవాళ్లకు మీ పాస్‌వర్డ్ చిక్కే ప్రమాదం ఉంది. టీవీ స్టిక్, గేమ్ కన్సోల్ లాంటివి ఎడ్యురోమ్‌లో మామూలుగా చేరవు. వాటి మ్యాక్ అడ్రసు (ప్రతి పరికరానికీ ఉండే సొంత గుర్తింపు సంఖ్య) రిజిస్టర్ చేయించుకునే పద్ధతి కాలేజీలో ఉంటుంది, అడగండి. ఫోన్‌కు కూడా రిజిస్ట్రేషన్ అడిగితే ముందు ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్‌కు ప్రైవేట్ అడ్రస్ ఆపండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రసు దాచి వేరేది చూపిస్తున్నాయి.

క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్ తీసుకుంటే సంగతి వేరు, అక్కడ రౌటర్ అక్కడే కొనుక్కోండి.

రూములో సిగ్నల్ నిజంగానే రాకపోతే హెల్ప్ డెస్కుకు రాయండి. మనకు మొహమాటం ఎక్కువ, కొత్తచోట ఫిర్యాదెందుకులే అని సర్దుకుపోతాం. మీరు చెప్పకపోతే ఆ మూలకు యాక్సెస్ పాయింట్ చాలడం లేదని వాళ్లకు తెలియకపోవచ్చు. "నెట్ స్లో" అని వదిలేయకండి. ఏ బిల్డింగ్, ఏ రూము, ఏ రోజు ఎన్ని గంటలకు, ఏ పరికరం, దాని మ్యాక్ అడ్రసు ఏమిటి, పక్క రూములో వస్తోందా లేదా, ఇవన్నీ రాయండి. ఆ టైముకు మీ పరికరం ఏ యాక్సెస్ పాయింట్‌కు తగులుకుందో వాళ్ల రికార్డుల్లో వెతికి చూడగలుగుతారు.